తేలిక ఫ్రేము బరువు

కిలో కూడా తూగని ఒక బరువును నేను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. అది మా ఇంటి నడవలో గోడకు వేలాడుతోంది. కార్బన్ ఫ్రేము. రోడ్డు సైకిల్‌కు అది ఎముకల గూడు లాంటిది. చక్రాలు, చైను, సీటు, అన్నీ దానికే తగిలించాలి. ఒక్క వేలితో ఎత్తవచ్చు. దాని ముందు నేను మాత్రం తల ఎత్తలేను.

మా ఊరివాళ్ళు దాన్ని బొగ్గు సైకిల్ అంటారు. కార్బన్ అంటే బొగ్గే కదా, తప్పేముంది? బొగ్గు కాల్చకుండా ఎండతో కరెంటు తీస్తామంటే మా పొలాలన్నీ సోలార్ పార్కుకు కౌలుకిచ్చాం. వేరుశనగ పండిన చోట ఇప్పుడు సోలార్ పలకలు పండుతున్నాయి. అలాంటి ఊళ్ళో నేనొక్కడినే బొగ్గు మీద మోజుపడ్డాను. మసి అంటకుండా ఎలా ఉంటుంది?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా తిరుమణి పక్కన, ఆ పార్కులో నాది బోల్టుల పని. పలకలు గాలికి లేచిపోకుండా పట్టుకునే బిగింపులుంటాయి, వాటిని బిగించడం. దానికొక రెంచి. తగినంత బిగువు రాగానే అది ‘టక్’ అంటుంది. టక్ అనేదాకా ఆపకూడదు, టక్ అన్నాక ముట్టకూడదు. ఇంతకు మించిన చదువు మా పనికి అక్కర్లేదు. ఆ టక్కే నాకు కూడు పెట్టింది. ఆ టక్కే నన్ను టక్కరిని కూడా చేసింది.

ఆమె పేరు నాగవేణి అనుకోండి. మా ఆవిడ చెల్లెలు. అదే పార్కులో, క్యాతగానచెర్లు వైపు పలకలు కడిగే ఆడవాళ్ళ గుంపుకు మేస్త్రీ. వరుసల మధ్య తిరగడానికి ఆమెకు ఒక పాత ఇనుప సైకిల్ ఉండేది. పార్కు లోపలి రోడ్లు నున్నగా, తిన్నగా ఉంటాయి. ఎదురుగా మేక కూడా రాదు. సైకిల్ పిచ్చి ముందు నాకు పట్టింది. నా నుంచి ఆమెకు అంటింది. నా గేర్ల సైకిల్ ఎక్కించి గేర్లు ఎప్పుడు మార్చాలో, వీపు ఎంత వంచాలో నేనే నేర్పాను. కొన్నాళ్ళకు నేను నేర్పడానికి ఏమీ మిగల్లేదు, ఆమె వీపు చూస్తూ తొక్కడం తప్ప.

ఒక ఆదివారం బెంగళూరు నుంచి ఒక సైకిల్ క్లబ్బువాళ్ళు మా రోడ్ల మీద తొక్కడానికి వచ్చారు. బొగ్గు సైకిళ్ళ మీద వంగిపోయిన ఆ గుంపును నాగవేణి ఇనుప సైకిల్ దాటిపోయింది. వాళ్ళు ఆగి పేరడిగారు. తర్వాతి నెలలో, తమ తరఫున పోటీల్లో తొక్కమని రెండు ఫ్రేములు పంపారు. ఏది నచ్చితే అది ఆమెది, రెండోది వెనక్కి. బోల్టుల సంగతి తెలిసినవాణ్ణని సైకిల్ కట్టే పని నాకు అప్పజెప్పారు.

మొదటిది గాలి ఫ్రేము. గొట్టాలు గుండ్రంగా కాకుండా చేప ఒళ్ళులా పలచగా సాగి ఉంటాయి, ఎదురుగాలిని చీల్చడానికి. చదును రోడ్డు మీద దానికి తిరుగులేదు. కాకపోతే కాస్త బరువు, గతుకు వస్తే ఆ కబురు నేరుగా నడుముకే చేరుతుంది. రెండోది కొండ ఫ్రేము. బూడిద రంగు, సన్నటి గొట్టాలు. చేతిలో పట్టుకుంటే పట్టుకున్నామా లేదా అని అనుమానం వచ్చేంత తేలిక.

గాలి ఫ్రేము తొక్కి వచ్చి నాగవేణి, “బాగుండాది” అంది. అంతే. మరునాడు కొండ ఫ్రేము వేసుకుని పావగడ వైపు బండల మధ్య ఎక్కుడు దారి పట్టింది. నేను నా సైకిల్ మీద వెంట వెళ్ళాను. వెంట అన్నది నా గౌరవం కోసం వాడుతున్న మాట. నేను పైకి చేరేసరికి ఆమె ఒక బండ మీద కూర్చుని వక్కాకు నములుతోంది. “ఇదే బావా, నా గుర్రం” అంది. సీటు మాత్రం ఒక వేలెడు ఎత్తమంది.

ఆ సాయంత్రం ఇంట్లో సీటు ఎత్తాను. బిగించడానికి చేయి దేనిమీదకు పోతుంది? రోజూ పోయేదాని మీదకే. పలకలకు పెట్టిన బిగువు అలాగే ఉంది ఆ రెంచిలో. కార్బన్‌కు అందులో నాలుగోవంతు చాలు, ఆ సంగతి ఫ్రేము వచ్చిన డబ్బా మీద రాసే ఉంది. నేను చదవలేదు. టక్ అనేదాకా ఆపకూడదు కదా! తిప్పాను. ఇంకా అనలేదు. ఇంకొంచెం తిప్పాను.

చిటుక్కుమంది. రెంచి కాదు, ఫ్రేము.

సీటు కింద వెంట్రుకంత బీట. వేలితో తడిమితే గోరు తట్టుకుంది. కార్బన్‌కు సొట్ట పడదు, వంగదు, ఒక్కసారిగా విరుగుతుంది. బీటపడ్డ ఫ్రేము ఎక్కి కొండ దిగడమంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. దాని మీద నల్ల టేపు చుట్టాను. మర్నాడు నాగవేణి వచ్చింది. క్లబ్బువాళ్ళు ఇద్దరు కూడా వచ్చి నిలబడ్డారు.

“ఏం బావా, నా గుర్రం తయారేనా?”

“అది వద్దులేమ్మే. ఆ పక్కది తీసుకో.”

“యాలప్పా? నిన్న కొండ మింద ఎగిరిపోయినట్ల పోయింది గదా!”

“నువ్వనుకుంటాండావు అట్ల. ఎనకాల నుంచి నేను చూస్తిని గదా. ఆయాసంతో సగమైతివి. నీది కొండెక్కే ఒళ్ళు కాదు నాగవేణీ. బరువు మనిషికి తేలిక ఫ్రేము అచ్చిరాదు.”

ఆమె సైకిల్ ముందు చక్రాన్ని ఊరికే తిప్పింది. తర్వాత నవ్వింది.

“అట్లనా. అయితే సరేలే. యా బోల్టుకు ఎంత బిగువు కావల్లో నీకు తెలిసినట్ల ఈడ ఎవురికి తెలుసు?”

ఆ మాట నన్ను వదల్లేదు. దారిలో దెబ్బ తగిలిందనో, కంపెనీ లోపమనో అనవచ్చు కదా? అబద్ధాలకేం కరువు? అన్నిటిలో ఆమె ఒంటి మీద పడే అబద్ధాన్నే ఎందుకు ఏరుకున్నాను? ఫ్రేములు ఎంచమంటే మాటను ఎంచాను. అదీ పదునైనది చూసి.

బీట ఫ్రేము ఇంకొకరి కిందకు పోకూడదని క్లబ్బువాళ్ళకు డబ్బు కట్టి దాన్ని నేనే కొనుక్కున్నాను. ఇందులో నా మంచితనం వెతక్కండి. ఊరంతా ఏమనుకుంది? మరదలికి గాలిదిచ్చి, మేలైనది తాను ఉంచుకున్నాడని. మా ఆవిడైతే మొహం మీదే అంది: “ఎక్కేది లేదు, దిగేది లేదు. పటం మాదిరి గోడకు ఏసుకుంటివి. టెంకాయ గూడా కొట్టు.” చేతకానివాడు అనిపించుకోవడం కంటే స్వార్థపరుడు అనిపించుకోవడమే నాకు సుఖంగా ఉండింది. నా పరువుకు నేను కట్టిన వెల ఆ మాత్రం.

ఇక అసలు వింత. నాగవేణి గెలిచింది! పార్కు రోడ్ల మీద ఎదురుగాలిలో రోజూ తొక్కి, ఆ గాలి ఫ్రేముతో జిల్లా గెలిచింది, రాష్ట్రం గెలిచింది. పతకం వేసుకుని వచ్చిన రోజు తిరుమణిలో తప్పెట్లు మోగాయి. పలకలు కడిగే ఆడవాళ్ళు నీళ్ళ పైపు పైకి పట్టి వాన కురిపించారు. అందరి ముందూ ఆమె తన మెడలో మాల తీసి నా మెడలో వేసింది. “ఫ్రేము ఎంచేదాంట్లో మా బావను మించినోళ్ళు లేరు” అంది. అప్పట్నుంచి నేను నిపుణుణ్ణి. సైకిల్‌కే కాదు, బోరు మోటారు కొనాలన్నా నన్నే అడిగారు. ఒకాయన కూతురికి వచ్చిన సంబంధం కూడా చూపించి, ఏమంటానోనని నా ముఖం వైపు చూశాడు.

ఆ మాల చామంతులది. సీసంలా తూగింది.

కొండ పోటీలకు పిలుపులు వస్తే నాగవేణి పోయేది కాదు. “కొండ నాకు రాదు” అని నవ్వేది. బండ మీద వక్కాకు నమిలిన మనిషి. ఆ నవ్వు విన్నప్పుడల్లా నాకు చిటుక్కుమని వినబడేది.

మొన్న క్లబ్బువాళ్ళు మళ్ళీ అడిగారు, కొత్త ఫ్రేము ఇస్తామని. మళ్ళీ రెండే. ఫోనులో బొమ్మలు పట్టుకుని వచ్చింది. “ఈ కొండది చూసేదే వద్దులే బావా. నువ్వు ఆ పొద్దే చెప్తివి గదా” అంది.

నేను లేచి గోడ మీది ఫ్రేము దించాను. టేపు ఊడదీశాను. జిగురు ఎండి రాలింది. రెంచి సంగతి చెప్పాను. ఆమె బీట మీద వేలు పెట్టింది. తర్వాత ఒక్కటే అడిగింది.

“ఆ పొద్దు నాకు ఆయాసం వచ్చిండెనా, లేదా?”

“లేదు. ఆయాసం నాది.”

నవ్వలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నేను అనుకోవడం కూడా ఒక స్వార్థమే కదూ? ఫోను లోపల పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, “ఈసారి సీటు నేనే బిగించుకుంటా” అంది.

కొండ ఫ్రేమునే ఎంచుకుంది. బెంగళూరు అవతల కొండ మీద పోటీకి పేరిచ్చింది. నన్ను పిలవలేదు. నేను బస్సెక్కి పోయి, కొండ మీద చివరి మలుపులో నిలబడ్డాను. మొదట పోలీసు మోటారు సైకిల్ వచ్చింది. దాని వెనక ఒక్కతే, నాగవేణి. పెడళ్ళ మీద లేచి, నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి పీలుస్తూ ఎక్కుతోంది. వెనక మలుపులో ఇంకా ఎవరూ లేరు. గొంతు చించుకుని అరిచాను. తల తిప్పలేదు. తిప్పితే వేగం తగ్గుతుంది. నేనే నేర్పాను.

ఆమెతో బీట సంగతి చెప్పాను కానీ, ఆమె ఒంటి మీద ఆ మాటే ఎందుకన్నానో చెప్పలేదు. మొదటిసారి ఆ పావగడ దారిలో ఆమె వీపు చిన్నదైపోతూ, చిన్నదైపోతూ మలుపు తిరిగి మాయమైనప్పుడు నాలో ఏదో కాలింది. మర్నాడు నా నోట వచ్చింది ఆ మసే. బీట ఫ్రేములో పడకముందే నాలో పడింది. ఇది మీతోనే అంటున్నాను. ఆమె చదివితే చదవనీ.

కొండ పైన, గెలిచిన నాగవేణికి మాల వేశారు. ఫొటోలు తీశారు. జనం మధ్య నుంచి ఒకసారి నన్ను చూసింది. చూపు నా మీద ఆగి, దాటిపోయింది. ఆ మాల ఆమె మెడలోనే ఉంచుకుని వేదిక మెట్లు దిగింది.

నా మెడ ఖాళీగా ఉంది. ఎంత తేలిగ్గా ఉందో!