బకెట్లతో నిండిన గుడి

మా పేట గుడిని కట్టింది మా బావ ఒక్కడే. అదీ ఒక్క సుత్తి దెబ్బతో. సరే, ఇటుకలు పేర్చింది వేరేవాళ్లే. కానీ మూతపడబోయిన గుడిని నిలబెట్టిన దెబ్బ మాత్రం ఆయనదే. ఇందులో నేను కలిపిన ఉప్పూకారం చిటికెడే.

బావ ఫ్యాక్టరీలో వెల్డరు. ఒకచోట కుదురుగా నిలిచే మనిషి కాదు. భోజనం కూడా నడుస్తూనే చేసేవాడు. "ఈయన్ని కుర్చీకి వెల్డింగ్ చేసేవాళ్లుంటే బాగుండు" అనేది మా అక్క.

అప్పట్లో మా గుడి అంటే ఫ్యాక్టరీవాళ్లు వదిలేసిన రేకుల గోదాము. గాలి వీస్తే రేకులు టపటపలాడి ఫాదర్ గారి ప్రసంగం వినపడేది కాదు. ఉన్న సుఖం అదొక్కటే. షిఫ్టుల మనుషులం కదా, ఆదివారం పూజకి వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్క. ఆ సంగతి బిషప్ గారి చెవిన పడింది. స్వయంగా వచ్చి చూస్తాననీ, జనం లేకపోతే మూసేసి టౌన్ గుడిలో కలిపేస్తాననీ కబురు పెట్టారు.

అప్పటినుంచి బావకి కంటిమీద కునుకు లేదు. వాళ్లమ్మకి కాళ్లు పడిపోయాయి. ఆవిణ్ణి చేతుల మీద ఎత్తుకుని గుడికి తెచ్చేవాడు. టౌన్ గుడికి రెండు బస్సులు మారాలి.

"నాకింక పూజ లేనట్టేనట్రా?" అని ఆవిడ అడిగితే, లేచి వీధిలోకి పోయేవాడు.

గుడికి గంట కూడా లేదు. బావ ఒక ఖాళీ గ్యాస్ సిలిండర్ అడుగు కోసి, గుమ్మం ముందు దూలానికి వేలాడదీశాడు. బిషప్ గారు వచ్చే రోజు లోపల పదిమంది కూడా లేరు. బావ గుమ్మానికీ రోడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

"కూర్చో బావా, నీ తిరుగుడికి నాకు కళ్లు తిరుగుతున్నాయ్."

"నోర్మూసుకో బామ్మర్దీ! అదిగో, కారు మలుపు తిరిగింది."

సుత్తి తీసి ధన్‌మని బాదాడు.

ఫ్యాక్టరీలో నిప్పంటుకుంటే కొట్టేది సరిగ్గా అలాంటి సిలిండరే. ఆ మోత పేటలో చంటిపిల్లలకి కూడా తెలుసు. క్షణాల్లో పేట పేటంతా నీళ్ల బకెట్లతో ఊడిపడింది. సగం గడ్డం గీసుకున్న మేస్త్రీ, నెత్తిన సబ్బు నురగతో ఆయన భార్య, నిద్ర కళ్లతో నైట్ షిఫ్టువాళ్లు, అందరూ గుడిలోకి దూసుకొచ్చి, ఎదురుగా బిషప్ గారిని చూసి బిక్కచచ్చిపోయారు.

"తీర్థజలం కోసం ఇంతమందా!" అని ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ప్రతి బకెట్‌నీ ఆశీర్వదించారు.

"ఒరేయ్, నిప్పెక్కడరా?" అని బావ వాళ్లమ్మ అరవబోతే, నేనే పాటల పుస్తకం ఆవిడ మొహానికి అడ్డం పెట్టాను.

గుడి మూతపడలేదు సరికదా, కొన్నాళ్లకి విచారణ హోదా, అంటే సొంత పారిష్ హోదా కూడా వచ్చింది. వాళ్లమ్మ పోయేదాకా ఒక్క ఆదివారం పూజ తప్పలేదు.

తెలిసే కొట్టాడా, తెలియక కొట్టాడా? తెలిసే అంటాను నేను. ఇది రాసి బావకి చదివి వినిపించాను. వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూ విన్నాడు.

"కాన్వెంటులో సిస్టర్లు నీ చెవి మెలిపెట్టింది ఊరికే కాదురా. అంతా అబద్ధం. నేను సిలిండర్ కొయ్యలేదు, సుత్తి ముట్టలేదు. ఆ ఆదివారం నేను డ్యూటీలో ఉన్నాను."