అల్లుడుగారు ఆపిన కంప్యూటర్

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. అమ్మాయి దిద్దించింది. ఆ తర్వాత కంప్యూటర్‌లో టైపు కొట్టడం నేర్చుకున్నాను, ఒక్క వేలితోనే.

ఈ పరాయి దేశంలో, సెంగ్‌కాంగ్ అనే పేటలో ఉన్న మా అమ్మాయి ఫ్లాట్‌లో మూడు కంప్యూటర్లున్నాయి. అన్నానికి పిలిస్తే ఒక్కరూ వాటి ముందునుంచి కదలరు. అందుకని అల్లుడుగారు ఒక ప్రోగ్రాం రాశారు. ఆఫీసు నుంచి వస్తూ రైల్లో ఫోన్ నొక్కితే ఇంట్లో మూడూ ఆగిపోతాయి. ఆయన ఉద్యోగం కూడా అదేనట, ఎక్కడో ఉన్న కంప్యూటర్లను కూర్చున్న చోటినుంచే ఆపడం, మళ్లీ లేపడం.

అప్పుడు నేను వాటిలో ఒకదాంట్లో మా అమ్మ గురించి రాస్తున్నాను. మా ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. ఒక్క ఫొటో కూడా లేదు. ఆమెను ఎరిగినవాళ్లలో నేనే మిగిలాను. వారం పట్టి ఒక పేజీ అయింది. మూత వేసి మళ్లీ తీస్తే పేజీ అక్కడే ఉండేది. కాగితం మీద రాసింది ఎక్కడికి పోతుంది, ఇదీ అంతే అనుకున్నాను.

ఆయన ప్రోగ్రాం మొదలుపెట్టిన రోజే తెర నల్లబడింది. మళ్లీ వేస్తే ఖాళీ.

"సేవ్ చేయలేదా అమ్మమ్మా? ఇక రాదు లా," అంది మనవరాలు, ఇక్కడివాళ్లలాగే మాట చివర ఒక "లా" తగిలించి.

నా నోటికి ఊరంతా జడిసేది. కానీ మా వైపు అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు, తలుపు చాటునుంచి కూతురితో చెప్పిస్తుంది. ఈ ఫ్లాట్‌లో చాటెక్కడిది? అయినా అలాగే నెట్టుకొచ్చాం. ఆయన వింటుండగానే అమ్మాయితో అన్నాను: "మా అమ్మ మళ్లీ పోయిందని చెప్పు మీ ఆయనకి. ఈసారి ఆయన చేతిలో."

ఆయన కంచం ముందునుంచి లేచి వెళ్లి చాలాసేపు వెతికారు. దొరకలేదు.

మర్నాడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. సాయంత్రం తెర మీద తెలుగులో ఒక మాట వచ్చింది: "అత్తయ్యగారూ, రైలెక్కాను. ఆపమంటారా?" కింద రెండు గళ్లు, "ఆపండి", "ఉండండి". ఆయన నన్ను నేరుగా అడిగిన మొదటి మాట అది. "ఉండండి" నొక్కాను. కాసేపటికి మళ్లీ అడిగారు. మళ్లీ అదే నొక్కాను. ఇంటికొచ్చాక ఆయన ఫోన్ పట్టుకునే కంచం ముందు కూర్చున్నారు, నేను తెర ముందునుంచి కదల్లేదు.

"మీ ఇద్దరి మాటలూ అయితే వడ్డిస్తాను," అంది అమ్మాయి.

పేజీ ఇప్పుడుంది. సేవ్ చేయడమూ నేర్చుకున్నాను. మొదటిసారి వచ్చినంత బాగా మాత్రం రాలేదు. అమ్మ చేతుల గురించి ఆ పోయిన పేజీలో ఒక వాక్యం ఉండేది. అది ఇంకా గుర్తు రావడం లేదు.