కుంకుమ పెట్టిన టికెట్టు

మా చిన్నాయన పోయాడని మొన్న ఆయన కూతురు ఫోన్ చేసింది. రక్తసంబంధమేమీ లేదు. ఆయనది కోనసీమ, నాది కడప. గల్ఫులో అమ్ఘరా అనే చోట, పాత ఇనుము యార్డులో మా గదికంతా వండిపెట్టేవాడు. మాడిన అడుగు తను తిని, మంచి అన్నం నాకు వడ్డించిన మనిషి.

పేకముక్క కనబడితే లాక్కుని చెత్తబుట్టలో పారేసేవాడు. "ఎదవల్లారా, ఇంతదూరం వచ్చింది జూదమాడ్డానికట్రా!" అని తిట్టేవాడు. అదే మనిషి, సెలవుకి ఊరెళ్ళే ప్రతివాడిచేతా గవర్నమెంటు లాటరీ టికెట్లు తెప్పించేవాడు. శుక్రవారం స్నానం చేసి, పటం ముందు పెట్టి, వాటికి కుంకుమ బొట్లు పెట్టేవాడు.

"ఇది జూదం కాదా చిన్నాయనా?" అని అడిగానొకసారి.

"ముద్దర చూడరా. సర్కారు మోసం చేత్తాదేంటి?"

నమ్మాను. ప్రతి టికెట్టులో నాకూ సగం. తగిలితే ఖలాస్, ఇక వీసా ఇచ్చే ఏ కఫీల్ కిందా బతకక్కర్లేదనుకున్నాం.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. కొన్నాళ్ళకి జోర్డాన్ పోయే బస్సెక్కాం. దారిలో సైనికులు ఆపితే చిన్నాయన వాచీ, రేడియో తనే తీసిచ్చేశాడు. టికెట్ల సంచి మాత్రం వదల్లేదు. ఒకడు లాక్కుని చూసి, నవ్వి, ఇసుకలో విసిరేశాడు. ఆయన మోకాళ్ళ మీద పాకి ఏరుకున్నాడు.

మన దేశంలో దిగాక పాత పేపర్లు తిరగేశాం. మా నంబరే! నడిరోడ్డు మీద కావిలించుకుని ఏడ్చాం.

లాటరీ ఆఫీసులో గుమాస్తా టికెట్టు వెనక్కి తోసేశాడు. "గడువు దాటిపోయింది."

"ఆయ్, యుద్ధంలో ఇరుక్కుపోయామండి. ఎడారిలో గుడారాల్లో ఉన్నామండి."

"వెనకాల రాసుంది కదా, చదువుకోలేదా?"

చిన్నాయనకు చదువు రాదు. నాకొచ్చు. నేనూ చూడలేదు.

సైనికుడు దోచుకుంటే ఇంత ఏడుపు రాలేదు, వాడు పరాయివాడు. వీళ్ళు మన ముద్ర వేసి మనకే అమ్మారు! ఆఫీసు బయట టికెట్ల కోసం వరసలో ఉన్నవాళ్ళంతా రిక్షావాళ్ళు, కూలీలు. పేకాడితే పోలీసులొస్తారు. ఇక్కడ పోలీసే వరస సరిచేస్తున్నాడు.

చిన్నాయన వెళ్ళి ఆ వరసలోనే నిలబడ్డాడు. చెయ్యి పట్టి లాగాను.

"ఈసారి గడువు చూసుకుందాంరా" అన్నాడు.

ఆ క్షణాన ఆయన మీదా నాకు మండింది. యుద్ధం ముగిశాక ఇద్దరం మళ్ళీ అదే యార్డుకొచ్చాం. ఓపిక అయిపోయి ఆయన ఊరెళ్ళిపోయాడు. నేనింకా ఇక్కడే ఉన్నాను.

ఫోన్ పెట్టేముందు ఆ అమ్మాయి అడిగింది: "అన్నయ్యా, దేవుడి పటం కింద పాత లాటరీ టికెట్టొకటుందండి. ఏం చెయ్యమంటారు?"

"నంబరు కనబడుతోందా తల్లీ?"

"లేదండి, అంతా కుంకుమే. పైన బొట్టు మాత్రం కొత్తదండి. మొన్న శుక్రవారం నాన్నగారు పెట్టినట్టున్నారు."