శుభలేఖలో ఇద్దరి పేర్లు

మొన్న ఆదివారం పొద్దున్నే, ఇంకా టీ గ్లాసు చేతిలోకి రాకముందే, ఫోనుకు ఒక లింకు వచ్చింది. పంపింది ఎవరో కాదు, చుట్టరికం లేకపోయినా తన పెళ్ళినాటి నుంచీ నన్ను నోరారా బాబాయ్ అని పిలిచే ఒక అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ ఇప్పుడు ఆమె కూతురికే పెళ్ళి. శుభలేఖ ఇంట్లోవాళ్ళందరూ కలిసి ఫోన్లోనే తయారు చేసుకుంటున్నారట, నరసరావుపేటలో ఇన్నేళ్ళు శుభలేఖలు కొట్టినవాణ్ణి కాబట్టి తప్పులేమైనా ఉంటే నన్నే దిద్దమంది. సరేనని కళ్ళజోడు తుడుచుకుని తెరిచానా, నేను చూస్తుండగానే వినాయకుడి బొమ్మ కుడివైపు నుంచి ఎడమవైపుకు జరిగిపోయింది! నేను ముట్టుకోలేదు మహాప్రభో. ఎక్కడో కూర్చుని పెళ్ళికూతురి మేనత్త జరిపిందట. ముహూర్తం ఒకచోట కుదురుగా ఉందనుకునేలోపు ఎవరో దానికి గులాబీరంగు పూశారు, ఇంకెవరో దాని నెత్తిన మామిడాకుల తోరణం తగిలించారు. ఒక్క కాగితం మీద ఇంతమంది వేళ్ళు పెట్టి పీకుతుంటే అది శుభలేఖ ఎట్లా అవుతుందో నాకైతే అంతుపట్టలేదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో శుభలేఖ అచ్చు వేయించుకోవడమంటే ప్రెస్సుకు వచ్చి నోటితో చెప్పి వెళ్ళిపోవడమే. మా అబ్బాకు, అంటే మా నాన్నకు, కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సు ఉండేది. వచ్చినవాళ్ళు బల్ల మీద కూర్చుని పేర్లూ ముహూర్తమూ చెబితే ఆయన రాసుకుని, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి, సాయంత్రానికి తడి ఆరని ప్రూఫు ఒకటి చేతిలో పెట్టేవాడు. ఎవరి పేరు ఎంత లావుండాలో నిర్ణయించేది మా అబ్బా, ఆయన దగ్గరున్న సీసమూను. మా వాడుకదార్లకు అక్షరాల లావు గురించి అడగవచ్చని కూడా తెలియదు. ఆ తెలియకపోవడంలో ఎంత సుఖముందో నాకు ఆ తర్వాత గానీ తెలిసి రాలేదు.

ప్రెస్సు నా చేతికి వచ్చాక గుంటూరు వెళ్ళి కంప్యూటరు నేర్చుకుని వచ్చాను. మొదట్లో నేర్పించింది నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు కొట్టే పద్ధతి. అందులో ఏది లావుగా వస్తుందో ఏది సన్నగా వస్తుందో అచ్చయ్యేదాకా ఆ దేవుడికే ఎరుక. తర్వాత పేజీ పేజీలాగే తెర మీద కనిపించే సాఫ్టువేరు వచ్చింది. అంచు, పువ్వు, అక్షరం వంపు, అన్నీ తెర మీద ఎట్లా ఉంటే కాగితం మీద అట్లాగే దిగుతాయి. నాకు ఆనందం ఆగలేదు. మానిటరును వాడుకదార్ల వైపు తిప్పి, ముందు రెండు స్టూళ్ళు వేయించి, మీ కళ్ళతో మీరే చూసుకోండి అని గొప్పగా చెప్పేవాణ్ణి. నా గోతిని నేనే తవ్వుకున్నాను! చూడటం మరిగిన జనం ఇక లేచేవాళ్ళు కాదు. ఆ పువ్వు ఇటు జరుపు, కాదు అటే బాగుంది, ఆ ఎరుపు ఇంకొంచెం ఎర్రగా, ఇదే వరస. నా మెడ నొప్పి అప్పటిదే.

ఆ స్టూళ్ళ మీదికే ఒకనాడు ఈ అమ్మాయి పెదనాన్న, మేనమామ వచ్చి కూర్చున్నారు. వాళ్ళ వెనక గోడనానుకుని ఈ అమ్మాయి నిలబడింది. చిన్నప్పుడే తండ్రి పోతే గురజాల దగ్గర మిరప సాగు చేసే పెదనాన్న తన పిల్లలతో పాటు సాకాడు. క్రోసూరులో కొట్టు నడుపుకునే మేనమామ తన ఇంట్లో ఉంచుకుని చదివించాడు. ఇద్దరూ బంగారంలాంటి మనుషులే, నా తెర ముందు కూర్చోనంతవరకు. వచ్చిన చిక్కల్లా పేర్లతోనే. పెదనాన్న పేరు ఇంటిపేరుతో కలిసి చాంతాడంత, మేనమామది చూస్తే రెండే ముక్కలు. ఒకే సైజులో వేసినా మొదటిది కార్డు నిండా పరుచుకుంది, రెండోది మధ్యలో ముడుచుకుంది.

"ఏంది సాయిబూ, నా పేరు అట్టా నక్కింది? బావ పేరు చూడు, ఈ చివర నుంచి ఆ చివరదాకా పడుకుంది," అన్నాడు మేనమామ. సరే పోనీ అని ఆయన పేరును మొదటిదాని పొడవుకు వచ్చేదాకా పెంచాను. అప్పుడు పెదనాన్న మొహం తెరకు ఆనించి, "ఆగాగు, ఆయన అక్షరం ఎంత ఎత్తుంది, నాదెంత ఉంది? పిల్లను పెంచింది ఎవురు?" అన్నాడు. చదివించింది ఎవురని ఈయన. నా బల్ల మీది స్కేలు లాక్కుని ఇద్దరూ మానిటరు అద్దం మీద కొలవడం మొదలుపెట్టారు! పెంచానా, తగ్గించానా, మళ్ళీ పెంచానా, నా ప్రాణం విసిగిపోయింది. చివరికి మేనమామ లేచి, అట్టాగైతే నేను పెళ్ళికే రానన్నాడు. పెదనాన్న కూడా లేచి, అయితే కన్యాదానం ఆయన్నే చేసుకోమను, నేను పీటల మీద కూర్చోను అన్నాడు. పెళ్ళికూతుర్ని బుట్టలో తేవాల్సినవాడు ఒకడు, చెయ్యి పట్టి ఇవ్వాల్సినవాడు ఒకడు, ఇద్దరూ గుమ్మం వైపు తిరిగి నిలబడ్డారు. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"బాబాయ్, నా పేరు తీసెయ్," అంది. నన్ను ఆ పిలుపు పిలవడం అదే మొదలు. నేను బిత్తరపోయి చూస్తుంటే, "తీసెయ్ బాబాయ్. చానా చోటు మిగులుద్ది. ఇద్దర్నీ ఎంత కావాలంటే అంత పెంచుకోమను," అంది. విసుగులో ఉన్నానేమో, నిజంగానే తీసేశాను. చి.ల.సౌ. అని ఉంది, ఆ పక్కన తెల్లటి ఖాళీ, ఆ కింద పెళ్ళికొడుకు పేరు. మా అబ్బా రోజుల్లో అయితే ఆ మాట మాటగానే గాలిలో కలిసిపోయేది. ఇప్పుడు ఆ పిల్ల లేని శుభలేఖ అచ్చయి వచ్చినట్టే కళ్ళెదుట నిలబడింది. వాళ్ళిద్దరూ వెనక్కి తిరిగి దాన్ని చూశారు. తర్వాత పెదనాన్న గొంతు సవరించుకుని, "పెట్టు సాయిబూ, ముందు పిల్ల పేరు పెట్టు," అన్నాడు. "బావది పైనెయ్యి, నాది ఎట్టుంటే ఏంది," అన్నాడు మేనమామ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. ఇద్దరివీ ఒకే సైజులో వేసి, ఇక ఎవరూ చూడకుండా మానిటరును గోడవైపు తిప్పేశాను.

పెళ్ళి బాగా జరిగింది. ఆ పెదనాన్న పీటల మీద కూర్చున్నాడు, ఆ మేనమామే బుట్ట పట్టాడు. భోజనాల దగ్గర నా విస్తట్లో గారెలు వడ్డిస్తూ మేనమామ నా చెవిలో, ఏమాటకామాటే సాయిబూ, నాది కాస్త చిన్నగానే పడింది అన్నాడు. నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు.

మొన్నటి కార్డుకే వస్తాను. తోరణాలు, పూలు, మెరుపులు అన్నీ దాటుకుంటూ కిందికి జరిపితే ఆశీస్సులతో అన్నచోట ఆ రెండు పేర్లూ ఉన్నాయి. రెండింటి ముందూ కీ.శే. అని ఉంది. ఇద్దరూ పోయిన సంగతి నాకు తెలియంది కాదు, ఇద్దరికీ మట్టి ఇచ్చి వచ్చినవాణ్ణే. అయినా తెర మీద చూసేసరికి కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నాను. పెదనాన్న పేరు ఎప్పటిలాగే కార్డు నిండా పరుచుకుని ఉంది, మేనమామది ఎప్పటిలాగే మధ్యలో ముడుచుకుని ఉంది. అంతమంది అన్నీ మారుస్తున్నారు గానీ ఆ రెండు పేర్ల జోలికి ఎవరూ పోలేదు. నేను మేనమామ పేరు మీద వేలు పెట్టి కొద్దిగా, కాస్తంటే కాస్త, పెంచాను.

నేను చూస్తుండగానే దాని పైనున్న పెదనాన్న పేరు కూడా మెల్లగా పెరిగి అంతే ఎత్తుకు వచ్చి ఆగింది. ఆ వెంటనే ఫోనులో ఒక మెసేజి పడింది.

"పెదనాన్న ఊరుకోడు బాబాయ్."

ఆ స్టూళ్ళు రెండూ ఇప్పటికీ మా వసారాలోనే ఉన్నాయి. వాటి మీద కూర్చుని నన్ను విసిగించడానికి ఒక్కరైనా వస్తే బాగుండునని ఆ పూటంతా అనిపించింది.