క్లెమ్‌కి కోత రాదు

క్లెమ్ ఆడ్జర్స్ గురించి ఆస్ట్రేలియా తీరంలోని మా వాలరూ ఊళ్లో ఎవరినడిగినా ఒకటే చెబుతారు: అతనికి ఏం నేర్పినా బుర్రకెక్కదు. మా షెడ్డులో వీడియోలు కత్తిరించి అతకడం నేర్పే తరగతి పెట్టినప్పుడు అందరికంటే ముందు పేరిచ్చింది అతనే. అతని తరవాత చేరినవాళ్లు నేర్చుకున్నారు, మనవరాళ్ల పుట్టినరోజులు సినిమాలుగా చేసుకున్నారు, సెలవు తీసుకున్నారు. క్లెమ్ మాత్రం మొదటి పాఠం దాటలేదు. ఆ పాఠం చెప్పేది నేనే కాబట్టి ఈ బాధ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పోనీ చేతకాని మనిషా అంటే, కాదు. బతుకంతా మాంసం కొట్టు నడిపాడు. అవతల ఆడవాళ్లతో కబుర్లాడుతూ, చేతివైపు చూడకుండా, గొర్రె తొడను ముక్కలు చేసేవాడు. ఒక్క ముక్క ఎక్కువా తక్కువా వచ్చేది కాదు. అలాంటివాడికి తెరమీద క్లిప్పు కోసి పెట్టమంటే తలకాయ పారేసి తోక ఉంచుతాడు.

మా షెడ్డు ఒకప్పటి ధాన్యం గోదాము. రిటైరైన మగవాళ్లం పొద్దున్నే చేరి పక్షిగూళ్లు చేస్తాం, విరిగిన కుర్చీలకు కాళ్లు వేస్తాం, టీ తాగుతాం. ఇంట్లో పలకరించే మనిషి లేక వచ్చామని ఎవరం ఒప్పుకోం. రంపం అరువు కావాలంటాం, ఇటు వెళుతూ తొంగిచూశామంటాం. మొహంలో మొహం పెట్టి 'ఎలా ఉన్నావ్' అని అడగడం మాలో లేదు. ఇద్దరూ బల్ల దగ్గర పక్కపక్కన నిలబడి, చెక్కకు గరుకు కాగితం రుద్దుతూ, చెక్కవైపే చూస్తూ అడగాలి. అలా అయితే జవాబు వస్తుంది. నేను కూడా అలా చేరినవాడినే. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లు చాలా వీడియో తీశాను. నా పెళ్లి మాత్రం మధ్యలోనే తెగింది. ఇంట్లో టీవీని మాట్లాడిస్తూ కూర్చోవడం విసుగెత్తి ఇక్కడికొచ్చి డెస్ మాస్టారినయ్యాను.

క్లెమ్‌కి అర్థమవుతుందని పాఠాన్ని అతని భాషలోకే మార్చాను. "టైమ్‌లైన్ అంటే సాసేజీల దండ అనుకో. ఒక్కో సాసేజీ ఒక్కో క్లిప్పు. ఈ ఎర్ర గీత ఉందే, అది ఎక్కడ ఆగితే కత్తి అక్కడ పడుతుంది. అక్కర్లేని ముక్క తీసేయ్. మిగిలినవాటిని దగ్గరికి జరుపు. అంతే."

క్లెమ్ శ్రద్ధగా తలాడించాడు. "గొర్రెదా, పందిదా?"

"ఏది?"

"సాసేజీ."

మరుసటి వారం వచ్చి కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, చెయ్యెత్తి, "మాస్టారూ, ఈ ఎర్ర గీత దేనికి?" అన్నాడు. ఆ పై వారమూ అదే. ఎండాకాలం పోయి చలికాలం వచ్చినా ఆ ప్రశ్న మారలేదు. పక్కవాళ్లు అతను చెయ్యెత్తగానే తలా ఒక రకంగా జవాబు చెప్పడం మొదలుపెట్టారు. కొత్తవాళ్లయితే మరీ హుషారుగా చెప్పేవాళ్లు, ఎందుకంటే పాపం వాళ్లకు తెలిసింది అదొక్కటే.

అతను చేపల వేట మీద ఒక సినిమా చేశాడు. గాలం వేస్తాడు, లాగుతాడు, లాగుతాడు, ఇంకా లాగుతాడు, చేప నీళ్లలోంచి పైకి రాబోతుండగా కోత. తరవాత ఖాళీ బకెట్. మళ్లీ గాలం. "చేప ఏదయ్యా?" అంటే, "అక్కర్లేని ముక్క తీసెయ్యమన్నావుగా" అని నామీదికే నెట్టాడు.

ఇంకోసారి మా అధ్యక్షుడి వార్షిక ప్రసంగానికి గొర్రెల సంతలో వేలం పాడేవాడి గొంతు అతికించాడు. తెరమీద అధ్యక్షుడు గంభీరంగా చెయ్యి ఊపుతూ, "ఈ పొట్టేలు చూడండి బాబూ, వెనక కాళ్లు చూడండి" అంటున్నాడు. ఆ రోజు తరగతికి బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన కొత్తగా వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ మౌస్ ముట్టుకోవడానికి భయపడి, ఎప్పుడు లేచిపోదామా అని తలుపు వైపే చూస్తున్నాడు. ఆయన నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు, వచ్చేవారం అందరికంటే ముందొచ్చాడు. నేను మాత్రం క్లెమ్‌ని చెడామడా తిట్టాను. అధ్యక్షుడి పెదవులు కదిలిన చోటల్లా వేలంపాట కుదిరింది, వెంట్రుకవాసి తేడా లేదు. అలాంటి పొరపాటు కావాలని చెయ్యాలంటే నాకే ఒక పూట పడుతుంది. అనుమానం రావలసింది, రాలేదు.

అలా ఉండగా నెవిల్ ట్రెజైస్ వచ్చాడు, మా అందరికీ నెవ్. అతని భార్య వెర్నా రోజూ పొద్దున్నే సముద్రంలో జెట్టీ పక్కన ఈదే ఆడవాళ్ల గుంపుకి పెద్ద. చలికాలమైనా సరే దిగేది. నెవ్ నీళ్లలో కాలు పెట్టేవాడు కాదు. తువ్వాలూ టీ ఫ్లాస్కూ పట్టుకుని జెట్టీ మీద నిలబడి ఫోనులో ఆమెను వీడియో తీసేవాడు. కిందటి చలికాలంలో ఆమె పోయింది. అప్పట్నుంచి నెవ్ మాటలు కూడా పోయాయి. ఏడాది నిండే ఆదివారం నాడు పచ్చికమీద బంతులాడే బౌల్స్ క్లబ్బులో అందరూ కలుస్తున్నారు, వెర్నా మీద చిన్న సినిమా చేసి తెమ్మని ఆ ఆడవాళ్లు అడిగారట. గరుకు కాగితం రుద్దుతూ, చెక్కవైపు చూస్తూ అతనే చెప్పాడు. "నాకు రాదని వాళ్ల మొహం మీద చెప్పలేకపోయాను. ఇంకొకళ్ల చేత చేయించడం నాకిష్టం లేదు."

షెడ్డుకు ఒక్కసారి వచ్చి మళ్లీ కనబడని మగవాళ్లుంటారు. తరవాత వాళ్ల గురించి తెలిసే కబుర్లు మంచివి కావు. అందుకే నెవ్ సినిమా పూర్తిచేస్తాడా లేదా అన్నదానికంటే, వచ్చే వారం వస్తాడా రాడా అన్నదే నాకు దిగులు. వచ్చాడు. క్లెమ్ పక్కన కూర్చున్నాడు. క్లెమ్ ఎర్ర గీత గురించి అడిగినప్పుడు నెవ్ పెదవి కొంచెం వంకర తిరిగింది. అది నవ్వేనని నేను లెక్కేసుకున్నాను.

మా దగ్గరున్న కంప్యూటర్లు కొన్నే. చోటు కోసం కాచుకున్నవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. ఏళ్లతరబడి మొదటి పాఠంలో కూర్చున్న మనిషిని లేపకపోతే ఎలా అని కమిటీ అడిగింది. నేనే క్లెమ్‌తో చెప్పాను. అతను వాదించలేదు. "నీ ఓపిక మెచ్చుకోవాలి, మాస్టారూ" అని లేచి, వెళ్లి పక్షిగూళ్ల బల్ల దగ్గర నిలబడ్డాడు.

ఆ రోజే నెవ్ చెయ్యి జారింది. ఒక ముక్క తీసేశాడు, బొమ్మలన్నీ ముందుకు జరిగాయి, గొంతులు జరగలేదు. వెర్నా నీళ్లలోంచి చెయ్యి ఊపుతూ నోరు తెరిస్తే కుక్క మొరిగింది. కుక్క కనబడినప్పుడు వెర్నా గొంతు వినబడింది. ఇదే క్లెమ్ చేసి ఉంటే గది పైకప్పు లేచిపోయేది. భార్య పోయినవాణ్ని చూసి ఎవరు నవ్వుతారు? అందరూ తమ తెరలవైపు తిరిగి, ఏమీ విననట్టు కూర్చున్నారు. ఆ మౌనం కంటే తిట్టినా బాగుండేది. నెవ్ టోపీ పెట్టుకున్నాడు.

"ఇది నావల్ల కాదు, డెస్. క్లబ్బువాళ్లతో చెప్పేస్తాను" అన్నాడు. నేను గుమ్మం దాకా వెళ్లాను. అతని అడుగుల చప్పుడు కంకరమీద చాలాసేపు వినబడింది.

మర్నాడు పొద్దున నేను మామూలు కంటే ముందు షెడ్డుకు వెళ్లాను. లోపల క్లెమ్ ఒక్కడే కంప్యూటర్ ముందున్నాడు. మౌస్ పక్కకు నెట్టేసి ఉంది. వేళ్లు మీటల మీద పరుగెడుతున్నాయి. తెరమీద ఆ చేపల సినిమాయే, కానీ ఇందులో చేప ఉంది. నీళ్లలోంచి మెరుస్తూ లేచి, గాలిలో ఒక్క క్షణం ఆగి, బకెట్‌లో పడింది. కోతలన్నీ ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. నేను పెళ్లిళ్లకు కూడా అంత శుభ్రంగా చెయ్యలేదు. నేను చూస్తుండగానే క్లెమ్ ఆ చేపను తీసి పారేశాడు. తరవాత గొంతును కొంచెం వెనక్కి జరిపాడు, విన్నాడు, చాలలేదనిపించి మరికొంచెం జరిపాడు. బంగారంలాంటి సినిమాను ఎంతో శ్రద్ధగా చెడగొడుతున్నాడు.

"నీకెప్పట్నుంచి వచ్చయ్యా ఇది?" అన్నాను.

ఉలిక్కిపడలేదు. "మొదటి నెల నుంచి" అన్నాడు, తెరవైపే చూస్తూ.

"మరి ఇన్నేళ్లూ నా ప్రాణం ఎందుకు తీశావు?"

"తరగతిలో అందరికంటే వెనక ఒకడుండాలి, డెస్. ఆ చోటు ఖాళీగా ఉంచావనుకో, కొత్తగా వచ్చినవాడు పోయి అందులోనే పడతాడు. నిన్న చూశావుగా." కాసేపు మీటలు నొక్కాడు. "కొట్టు మూసేశాక నేను ఈ షెడ్డు బయట బండి ఆపుకుని చాలా రోజులు లోపలికి రాలేదు. అందరికీ అన్నీ వచ్చేమో, నన్ను చూసి నవ్వుతారేమో అని. నవ్వడానికి లోపల ఇంకొకడున్నాడని తెలిస్తే ముందే వచ్చేవాణ్ని."

నేనూ తెరవైపే చూశాను. "ఇప్పుడు ఇదెందుకు చెడగొడుతున్నావ్?"

"నెవ్‌కి చూపించాలి. ఇదీ, అతని సినిమా కూడా నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తాను. నీ బండి తియ్యి. దారిలో మాంసం కూరిన పాస్టీలు కొను, ఉత్తచేతులతో ఎలా వెళతాం."

నెవ్ తలుపు తీశాడు, లోపలికి రమ్మనలేదు. గడ్డం గీసుకోలేదు. క్లెమ్ తన ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని, ఈ డెస్ నన్ను తరగతిలోంచి గెంటేశాడు, నాకింక దిక్కెవరు, నువ్వు నాకంటే నయం కదా కాస్త చూసిపెట్టు అని దీనంగా మొదలుపెట్టాడు. నెవ్ నావైపు కోపంగా చూశాడు. ముసలివాణ్ని గెంటుతావా అన్నట్టుంది ఆ చూపు. నా చేతిలోంచి పాస్టీల పొట్లం తీసుకుని, క్లెమ్‌ని లోపలికి రానిచ్చి, నన్ను వరండాలో వదిలేశాడు.

దోమతెర తలుపులోంచి మాటలు వినబడుతున్నాయి. మొదట క్లెమ్‌వే. తరవాత తరవాత నెవ్‌వి. అన్ని వారాల్లో షెడ్డులో నేను వినని మాటలన్నీ ఆ ఒక్క పూటలో విన్నాను.

"అయ్యో, అక్కడ కొయ్యకు. చేప అదే కదా, చేపను కోసేస్తే ఇంకేముంది?"

"అయితే ఈ గొంతు?"

"బొమ్మతో కలిపి కట్టెయ్యాలి. లేకపోతే అది ఒకచోట, ఇది ఒకచోట పోతాయి. నాకూ నిన్న అదే అయింది." కుర్చీ జరిపిన చప్పుడైంది. "ఉండు, నా సినిమాలో చూపిస్తాను. ఇదిగో, ఇలా వెనక్కి వెళ్లాలి. చూశావా, ఏం పోలేదు, అన్నీ ఉన్నాయి."

తరవాత వెర్నా గొంతు వినబడింది. ఈసారి బొమ్మలోని ఆమె నోటితోనే పలికిందని బయటున్న నాకూ తెలుస్తోంది, ఎందుకంటే నెవ్ ఊపిరి పెద్దగా వదిలాడు. "నెవ్, చలేం లేదు, దిగవయ్యా." అల చప్పుడు. మళ్లీ ఆమే, నవ్వుతూ: "ఈ మనిషి దిగడు."

"ఈ ముక్క తీసెయ్యాలేమో" అన్నాడు నెవ్. "నా పిరికితనం అందరికీ ఎందుకు?"

క్లెమ్ ఏమీ తెలియనట్టు గొంతు సాగదీశాడు. "నాకు తెలియదబ్బా. నేనయితే ఏది ఉంచాలో ఎప్పుడూ పొరపాటే పడతాను. నువ్వే చూడు."

నెవ్ ఆ ముక్క ఉంచాడు. ఆదివారం బౌల్స్ క్లబ్బులో దీపాలు తగ్గించి సినిమా వేశారు. "ఈ మనిషి దిగడు" అన్నచోట ఆడవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు, తరవాత అందరూ ముక్కులు చీదుకున్నారు. ఒకావిడ వెనక్కి తిరిగి, "రేపు పొద్దున వస్తున్నావా?" అని అడిగింది. చలిగా ఉంటుందన్నాడు నెవ్. ఉంటుందంది ఆవిడ. వెళ్లాడట. మోకాలి లోతు దాకా దిగి, అందరినీ తిట్టి, బయటికొచ్చాడట.

క్లెమ్ చోటు క్లెమ్‌కి తిరిగి ఇప్పించాను. ఎందుకని కమిటీ అడిగితే, అతనికి ఇంకా ఏమీ రాలేదు కాబట్టి అన్నాను. వాళ్లు కాదనలేకపోయారు.

కిందటి వారం తరగతికి బెవన్ అని ఒకతను వచ్చాడు. లారీ నడిపి మానేసిన మనిషి, ద్వారబంధానికి సరిపోయేంత విగ్రహం. అంతటివాడూ టోపీ చేతుల్లో నలుపుతూ గుమ్మంలోనే నిలబడిపోయాడు. క్లెమ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. చెయ్యెత్తబోయాడు. అతనికంటే ముందు పక్కనుంచి ఇంకో చెయ్యి లేచింది, నెవ్‌ది.

"డెస్, నాకొక అనుమానం. ఈ క్లిప్పులు కోశాక మిగిలిన ముక్కలు ఎక్కడ పడతాయి? కింద చిమ్మాలా?"

క్లెమ్ నోరు తెరుచుకుని అతనివైపు చూశాడు. అంత మంచి ప్రశ్న తనకు ఇన్నేళ్లలో తట్టలేదన్న బాధ ఆ మొహంలో కనబడింది. వెంటనే వంగి బల్ల కింద చూడడం మొదలుపెట్టాడు. నెవ్ కూడా వంగాడు.

బెవన్ ఆ ఇద్దరినీ కాసేపు చూశాడు. టోపీ కొక్కేనికి తగిలించి, కుర్చీ లాక్కుని వాళ్లిద్దరి మధ్యా కూర్చున్నాడు.

"లేవండి బాబూ, లేవండి" అన్నాడు జాలిగా. "నాకూ పెద్దగా రాదు గానీ, ఆ మాత్రం నేను చెబుతాను."