తూము తాళంచెవి

చెరుకుపల్లి మురుగుకాలువ తూముకు లస్కరు జమలయ్య. మోకాళ్ల దాకా ఖాకీ నిక్కరు, మొలతాడుకు తాళంచెవి. తూము తలుపు ఎత్తినా దించినా, ఇనుప చక్రాన్ని తువ్వాలుతో తుడిచిగాని కదలడు. ఎగువ మడుగులో తుంగ కోసి చాపలల్లుకునే అంకమ్మ ఇంటి ముందు మాత్రం తల వంచుకుని నడుస్తాడు. ఏటా వేసవిలో ఆ మడుగు నెర్రెలివ్వడం చూడలేక, అరవైతొమ్మిదిలో ఎండలు ముదరకముందే తలుపు దించి నీళ్లు నిలబెట్టాడు. "వద్దన్నయ్యా, ఎండితేనే గడ్డ చిగురేసుద్ది" అని అంకమ్మ బతిమాలింది. "నీళ్ల సంగతి నాకు చెబుతావా?" అని నవ్వాడు.

తొలకరికి తుంగగడ్డలన్నీ కుళ్లిపోయాయి. మడుగు నిండా గుర్రపుడెక్క ఊదారంగు పూలు పూసింది. ఆ తర్వాత వేసవుల్లో జమలయ్య తలుపు దించలేదు, మడుగు ఎప్పటిలా ఎండింది. అంకమ్మ రెండేళ్లు నాట్లకు, కలుపులకు కూలికి పోయింది. అతన్ని పల్లెత్తు మాట అనలేదు. మూడో ఏడు మళ్లీ మొలిచిన తుంగతో అల్లిన తొలి చాపను అతనికే పరిచి, "కూర్చో అన్నయ్యా" అంది. అతను చాప పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నాడు. తాళంచెవి విప్పి చాప అంచున పెట్టి, "ఎప్పుడు దించాలో నువ్వే చెప్పు చెల్లెమ్మా" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.