సాగుతుందేమో చూద్దామని

పిన్నికి ఒక్కటే జబ్బు. ఎవరు ఎదురుపడినా వాళ్ళ బట్ట పట్టుకుని లాగి చూస్తుంది. మిగిలిన లోకం పలకరింపుగా నవ్వుతుంది, కుశలం అడుగుతుంది. పిన్ని మాత్రం ఎదుటి మనిషి భుజం కుట్టు దగ్గర బొటనవేలు ఆనించి, జాన చాపి, చేతి గుడ్డను మోచేతి దాకా లాగి, వదిలేసి, అది వెనక్కి వెళ్ళిందో లేదో చూసుకుని, అప్పుడు తీరిగ్గా "బాగున్నావా?" అంటుంది. ఆ లాగుడుకి తట్టుకుని నిలబడ్డవాళ్ళే తమకి చుట్టాలుగా మిగిలారని ఆవిడ అక్కగారి అభిప్రాయం.

ఆ అక్కగారి కూతురే అమ్మడు. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉంది గానీ ఇంట్లో దాన్ని వాడినవాళ్ళు లేరు. పిన్ని చేతికి అందరికంటే ఎక్కువగా చిక్కింది అమ్మడే. పిన్నిది కుడిచేతి వాటం కాబట్టి, చిన్నప్పటి ఫోటోల్లో అమ్మడి స్వెట్టర్లన్నిటికీ ఎడమ చెయ్యి కాస్త పొడుగ్గా ఉంటుంది.

చుట్టాలతో సరిపెడితే బాగానే ఉండును. ఒకసారి అమ్మడు, పిన్ని ఏదో ఆఫీసులో లిఫ్టు ఎక్కారు. లోపల ఒక పెద్దమనిషి మంచి ముదురాకుపచ్చ టీషర్టు వేసుకుని నిలబడి ఉన్నాడు. అమ్మడికి గుండె జారింది. అనుకున్నంతా అయింది. వెనకనుంచి ఎవరో చొక్కా లాగేసరికి ఆయన గబుక్కున జేబు పట్టుకున్నాడు. పిన్ని ఏమాత్రం తొణకకుండా, బట్ట చాలా బాగుందనీ, ఎన్ని ఉతుకులకైనా చెక్కుచెదరదనీ మెచ్చుకుని, ఎక్కడ కొన్నారని అడిగింది. లిఫ్టు కిందికి దిగేలోగా ఆయన కొట్టు పేరు, దారి, ఆ పక్కనే ఉన్న తన అత్తగారి ఇంటి గుర్తులు కూడా చెప్పేశాడు. అమ్మడు మాత్రం గోడవైపు తిరిగి, ఈవిడెవరో తనకి తెలియనట్టు అంతస్తుల అంకెలు చదువుకుంటూ నిలబడింది.

ఇదంతా ఎందుకంటే పిన్ని తన బట్టలు తనే కుట్టుకుంటుంది. అదీ మామూలు బట్ట కాదు, టీషర్టు బట్ట. లాగితే సాగి, వదిలితే వెనక్కి వెళ్ళే రకం. దాంతో టాపులు, డ్రెస్సులు కుడుతుంది. "సాగడం గొప్ప కాదే, వెనక్కి రావడం గొప్ప" అన్నది ఆవిడ సిద్ధాంతం. పిండి కలిపినా, రబ్బరు బ్యాండు కొన్నా, అలిగి పుట్టింటికెళ్ళిన పక్కింటావిడ సంగతి విన్నా అదే మాట.

ప్యాటర్న్‌ల విషయంలో, అంటే బట్ట మీద పరిచి కత్తిరించుకునే కాగితపు నమూనాల విషయంలో, ఆవిడకి పట్టింపు ఎక్కువ. పెద్ద కంపెనీలవి గిట్టవు. ఎక్కడో ఒక దేశంలో, ఒక గదిలో కూర్చుని, తనే గీసి, తనే కుట్టి చూసి, తనే ఇంటర్నెట్లో అమ్ముకునే ఒక అమ్మాయి ఉంది. ఆ అమ్మాయివే కావాలి. ముఖం కూడా చూడని ఆ మనిషిని పిన్ని "ఆ పిల్ల" అంటుంది, పక్క వీధిలో ఉన్నట్టు. "మెడపట్టీ మెడ చుట్టుకొలత కంటే పొట్టిగా కత్తిరించి, లాగి కుట్టమంది ఆ పిల్ల." "వానలొచ్చాయి కదా, ఆ పిల్ల పొడుగుచేతుల టాపు గీస్తుందేమో." ఒకసారి చంక దగ్గర బిగుసుకుంటోందని పిన్ని ఆ పిల్లకి రాసింది. ఆ పిల్ల ప్యాటర్న్ దిద్ది, ధన్యవాదాలు చెబుతూ జవాబు రాసింది. తన మాట విని దిద్దుకున్న మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉందని పిన్ని బాబాయి వైపు చూస్తూ నలుగురికీ చెప్పుకుంది.

ప్యాటర్న్ వచ్చిందంటే ఇంట్లో నేల ఉండదు. ఇంట్లోనే ప్రింటు తీసి, కాగితం పక్కన కాగితం పేర్చి, టేపు వేసి అతికిస్తే అది హాలంతా పరుచుకుంటుంది. మొదటిసారి ప్రింటరు అడక్కుండానే అన్నిటినీ కాస్త కుదించేసింది. పిన్ని సరిచూసుకోకుండా కత్తిరించి కుట్టేసింది. ఆ టాపు ఇంట్లో ఎవరికీ పట్టలేదు గానీ సోఫా దిండుకి అచ్చంగా సరిపోయింది. రెండు చేతులున్న ఆ దిండు ఇప్పటికీ సోఫాలోనే ఉంది. కొత్తవాళ్ళు దానికి ఆనుకోవడానికి మొహమాటపడతారు.

ఆ కాగితాల మధ్య గోడవారగా అడుగులో అడుగు వేసుకుంటూ నడవడం బాబాయికి అలవాటైంది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. చెవి దగ్గర పెట్టుకుని టిక్కుమనే చప్పుడు విని, ఏ చక్రానికి జబ్బు చేసిందో చెప్పగలిగినవాడు. నెమ్మదస్తుడు. ప్రతి కొత్త ప్యాటర్న్‌నీ పిన్ని ముందు మిగులు ముక్కలతో కుట్టి చూసుకుంటుంది కదా, అవన్నీ చివరికి బాబాయి ఒంటిమీదికే చేరతాయి. ఒక చేతికి చారలు, ఒక చేతికి పూలు ఉన్న టాపు వేసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఆయన తన బల్ల దగ్గర గంభీరంగా కూర్చుంటాడు. గడియారం తెచ్చినవాళ్ళు ఎగాదిగా చూస్తే, "ఇది ట్రయలండీ" అని మళ్ళీ పనిలో పడతాడు.

పిన్ని కుట్టిచ్చిన బట్టల్లో సైజు చీటీ ఉండదు. వెనక మెడ దగ్గర, ముందేదో వెనకేదో తెలియడానికి చిన్న రంగు గుడ్డముక్క మాత్రం ఉంటుంది. ఇది ఏ సైజు పిన్నీ అని అడిగితే, "నీ సైజు" అంటుంది. అంతకుమించి ఎంత గుచ్చి అడిగినా చెప్పదు.

అయితే ఈమధ్య పిన్ని లాగుడు కాస్త శృతి మించింది. సాగే బట్టలూ సాగని బట్టలూ తేడా లేకుండా లాగుతోంది. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకున్న మనిషి, ఊరుకోకుండా, గంజి పెట్టిన ఆయన తెల్లకోటు భుజం పట్టుకుని లాగింది. నొప్పిగా ఉందా అమ్మా అని ఆయన చేతిలో పని ఆపాడు. "లేదండీ, సాగుతుందేమో చూద్దామని" అంది పిన్ని, నోట్లో దూదితోనే. అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య మందపాటి కోటునీ అలాగే లాగింది. అది సాగదమ్మా అని ఆవిడ నవ్వితే, "అవునా. చూద్దామని" అంది. కర్రలా నిలబడే గుడ్డని సాగుతుందేమోనని లాగడమేమిటి? పిన్నికి మతి కాస్త సాగిందనీ, వెనక్కి రావడం కష్టమనీ అక్కగారు తేల్చేసింది. అమ్మడు పైకి ఒప్పుకోలేదు గానీ లోపల ఆమెకీ బెంగ పట్టుకుంది.

కానీ అప్పటికి అమ్మడికి తన బెంగలే తలకి మించి ఉన్నాయి. ఆమె లైబ్రరీలో పనిచేస్తుంది. వారానికొకసారి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చదవడం ఆమె పని. సింహం వస్తే సింహంలా లేచి, కోతి వస్తే బల్ల ఎక్కి చదువుతుంది. ఆ గంటకోసం పిల్లలు కాచుకుని ఉండేవారు. పాప పుట్టాక సెలవు పెట్టింది. ఇప్పుడు సెలవు అయిపోవచ్చింది, సోమవారం వెళ్ళి చేరాలి. బీరువాలో ఒక్క బట్టా పట్టడం లేదు. ఒళ్ళు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ జారిందో ఆమెకే అంతుచిక్కడం లేదు. రెడీమేడ్ కొట్టుకి వెళ్తే, తడికె అంత తలుపు వెనక ఆమె ఒక డ్రెస్సులో ఇరుక్కుని ఉండగా, బయటినుంచి సేల్సు అమ్మాయి, "ఈవిడకి ఇంకా పెద్దది, అన్నిటికంటే పెద్దది తీసుకురండి" అని కొట్టంతా వినబడేలా కేకేసింది. అమ్మడు ఏమీ కొనకుండా ఇంటికొచ్చేసింది. పాపని పడుకోబెట్టి, ఉద్యోగం మానేస్తున్నానని తల్లికి చెప్పింది.

తల్లి ఊరుకుంటుందా? మర్నాడు పొద్దున్నే చెల్లెల్ని పిలిపించి, తను కొలతల టేపు పట్టుకుని తయారైంది. టేపు చూడగానే అమ్మడు గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కొలతలివ్వకపోతే డ్రెస్సు ఎలా కుడతారే అని తల్లి తలుపు కొడుతుంటే, పిన్ని ఆ టేపు తీసుకుని చుట్టచుట్టి తన సంచిలో పడేసింది. కుట్టేదేం లేదనీ, పాపని చూసి పోదామని వచ్చాననీ తలుపుతో చెప్పింది. చాలాసేపటికి అమ్మడు గడియ తీసింది.

అమ్మడు మొగుడి కాటన్ చొక్కా వేసుకుని ఉంది. అప్పట్లో ఆమెకి పట్టే బట్ట అదొక్కటే. పిన్ని పాపని ఎత్తుకుంది, ముద్దుపెట్టుకుంది, అమ్మడి ఒళ్ళో పెట్టింది. తర్వాత అలవాటు ప్రకారం భుజం దగ్గర బొటనవేలు ఆనించి, జాన చాపి చొక్కా చెయ్యి లాగింది. అమ్మడు అటు తిరిగి పాపకి పాలు పడుతుంటే వీపు మీద లాగింది. వెళ్ళబోతూ దగ్గరికి తీసుకుని, నడుము దగ్గర రెండువైపులా లాగింది.

"అది ఆయన కాటన్ చొక్కా పిన్నీ. సాగదు" అంది అమ్మడు.

"అవునా. చూద్దామని" అంది పిన్ని.

ఆవిడ మెట్లు దిగి వెళ్తుంటే అమ్మడు కిటికీలోంచి చూసింది. బట్టని ముట్టుకోకుండానే దాని కులగోత్రాలు చెప్పే మనిషి, ఇవాళ కాటన్ చొక్కాని పోల్చుకోలేకపోయింది. పెద్దదైపోయింది పాపం అనుకుని, తన కష్టం కాసేపు మరిచిపోయి పిన్నికోసం ఏడ్చింది.

ఆదివారం బాబాయి వచ్చాడు, ఒక చేతికి పూలున్న టాపులోనే. పాత దిండు గలీబులో చుట్టిన పొట్లం ఒకటి ఇచ్చి, ఇది ట్రయలు కాదు అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. లోపల ముదురాకుపచ్చ డ్రెస్సు ఉంది. లిఫ్టులో పెద్దమనిషి చెప్పిన కొట్టు బట్టే అది. ఎలాగూ పట్టదని తెలిసి, తల్లి పోరు పడలేక అమ్మడు దాన్ని తలమీదుగా వేసుకుంది.

అది ఎక్కడా ఆగకుండా దిగింది. భుజాలు భుజాల మీద కూర్చున్నాయి. పొట్ట దగ్గర బిగుసుకోలేదు, అలాగని సంచిలా వేలాడనూ లేదు. ఛాతీ మీద అడ్డంగా ఒక మడత ఉంది. దాన్ని పైకెత్తితే పాపకి పాలు పట్టుకోవచ్చు, దించితే ఉన్నట్టే తెలియదు. అమ్మడు చెయ్యెత్తి చూసింది. పై అరలోంచి పుస్తకం తీస్తున్నట్టు ఇంకా పైకి ఎత్తింది. అంచు పైకి పాకలేదు. కోతిలా వంగి చూసింది, సింహంలా లేచి చూసింది. డ్రెస్సు ఆమెతోపాటు వంగింది, ఆమెతోపాటు లేచింది. ఎన్నో నెలల తర్వాత అద్దంలో ఉన్న మనిషి ఆమెకి తెలిసిన మనిషిలా కనబడింది. మెడ వెనక తడిమి చూస్తే సైజు చీటీ లేదు. చిన్న ఎర్ర గుడ్డముక్క ఉంది, అంతే.

సోమవారం అమ్మడు లైబ్రరీకి వెళ్ళింది. సాయంత్రం ఇంటికి కూడా పోకుండా నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళింది. హాలు నిండా కాగితాలు. వాటి మధ్య మోకాళ్ళ మీద పిన్ని. గోడవారగా బాబాయి.

"పిన్నీ, కాటన్ చొక్కా సాగదని నీకు తెలీదా?"

"తెలీకేం?" అంది పిన్ని, తలెత్తకుండా.

"మరెందుకు లాగావు?"

పిన్ని టేపు ముక్క కోసం అటూ ఇటూ వెతుక్కుంది. అమ్మడు ఆవిడ చేతివైపు చూసింది. బొటనవేలినుంచి చిటికెనవేలి దాకా చాపిన జాన. పళ్ళ డాక్టరుగారి వంగిన వీపుకి తగ్గట్టు పిన్ని ఆ తర్వాత వెనక కాస్త పొడుగ్గా కుట్టిచ్చిన టాపు గుర్తొచ్చింది. నలుగురెదుట తన సైజు చెప్పడానికి ఒప్పుకోని వాచ్‌మన్ భార్య, పిన్ని కుట్టిచ్చిన నీలం డ్రెస్సు వేసుకుని గేటు దగ్గర రాణిలా నిలబడ్డం గుర్తొచ్చింది. వాళ్ళలో ఏ ఒక్కరినీ పిన్ని టేపుతో కొలవడం ఎవరూ చూడలేదు. వాళ్ళ కొలతలు వాళ్ళ చెవిన కూడా పడలేదు.

అసలు సంగతి బాబాయి చెప్పాడు. పెళ్ళికి ముందు మాట. ఒక టైలరు కొట్టులో జనం కిటకిటలాడుతున్నారు. టైలరు కొలత తీయడం, లోపల రాసుకునే మనిషికి వినబడేలా కేకేయడం. పిన్ని అప్పటికే మనిషి నిండుగా ఉండేది. నడుము కొలత కేకేస్తే లోపలివాడికి నమ్మకం కుదరక, ఎంత అని మళ్ళీ అడిగాడు. టైలరు ఇంకా గట్టిగా చెప్పాడు. వరుసలో ఎవరో నవ్వారు. పిన్ని తెచ్చుకున్న గుడ్డ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు ఆ గుడ్డ తీసుకుని వెనకే పరిగెత్తాడు.

"ఆ తర్వాత ఎవరినీ కొలవనివ్వలేదు మీ పిన్ని. తన బట్టలు తనే కుట్టుకుంటోంది" అన్నాడు బాబాయి.

"ఇంతకీ ఆ టైలరు కేకేసిన అంకె ఎంత బాబాయ్?" అంది అమ్మడు, నవ్వు ఆపుకుంటూ.

"ఏమో. నాకు వినపడలేదు" అన్నాడు బాబాయి.

గడియారం గుండెచప్పుడులో తేడా పట్టగల మనిషికి, రెండుసార్లు కేకేసినా ఆ రోజు ఏమీ వినపడలేదట. పిన్ని కాగితాల మీదికి ఇంకాస్త వంగింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అమ్మడికి వాళ్ళిద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియలేదు. ఏదైనా అంటే పిన్ని విననట్టే ఉంటుందని తెలుసు. అందుకని తనూ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కాగితాన్ని ఇంకో కాగితం పక్కన పెట్టి, గీత గీతకి కలుస్తోందో లేదో చూడడం మొదలుపెట్టింది.

ఆ విధంగా ఆమెకీ ఆ జబ్బు అంటుకుంది. వానాకాలం వచ్చేసరికి అమ్మడు సొంతంగా ఒక టాపు కుట్టింది. దాని మెడలోంచి తల దూరలేదు. రెండోది దూరింది. మూడోది వేసుకుని పనికెళ్తే ఎక్కడ కొన్నావని అడిగారు. అప్పుడు ఆమెకొక ఆలోచన వచ్చింది. పిన్ని అందరికీ కుట్టింది. పిన్నికి ఇంకొకరు కుట్టిన బట్ట ఇన్నేళ్ళలో లేదు.

ఒకరోజు వానలో పిన్ని, బాబాయి వచ్చారు. తలుపు తీయగానే అమ్మడు, పలకరించడం కూడా మానేసి, గుమ్మంలోనే పిన్ని భుజం దగ్గర బొటనవేలు ఆనించి, జాన చాపి, మోచేతి దాకా లాగింది. చేతినిండా నీళ్ళు.

"అది వానకోటే. సాగదు" అంది పిన్ని.

"అవునా. చూద్దామని" అంది అమ్మడు.

పిన్ని ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. గొడుగు బాబాయి చేతికిచ్చి, కొలత సరిగ్గా అందేలా చెయ్యి కాస్త ఎత్తి నిలబడింది.